ఎర్రబడిన పసుపు నీళ్లు

పోయిన వారం మనం త్రినాథరావును చప్పట్ల మధ్య వదిలిపెట్టాం. ఆ చప్పట్లు ఆయన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి కాబట్టి, ముందు వాటి సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం.

గుమ్మడిదల దాటి మట్టిరోడ్డు పట్టుకుని లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో హమీదున్నీసా అనే పెద్దావిడ ఉంది. ఊరంతా బూబమ్మ అంటారు. ఎవరింట్లోనైనా జబ్బు ఓ పట్టాన తగ్గకపోతే ఆ ఇంట్లో తాగే నీళ్లు చెంబుతో పట్టుకుని ఆమె దగ్గరికి వెళతారు. ఆమె బిస్మిల్లా అని చిటికెడు పసుపు వేస్తుంది. నీళ్లు పచ్చగానే ఉంటే తన వల్ల కాదు, డాక్టరు దగ్గరికి పొమ్మంటుంది. ఎర్రబడితే మాత్రం ఆ నీళ్ల మీద జిన్ను కన్ను పడిందని, మళ్లీ తను చూసి చెప్పేదాకా వాటిని నోట పెట్టొద్దని, దూరం నుంచి గొట్టాల్లో వచ్చే మసీదు నల్లా నీళ్లు తెచ్చుకుని తాగమని చెబుతుంది. తాయెత్తు లేదు, తాడు లేదు. చాలామందికి నయమైంది కూడా.

త్రినాథరావుకు ఈ ‘నయమైంది’ అనే మాట అంటే ఒళ్లు మంట. కాజీపల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో వ్యర్థజలాల విభాగానికి ఆయనే పెద్ద. తండ్రి ఎప్పుడో కోస్తా నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడితే, ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడే కెమిస్ట్రీ చదివి, ఇక్కడే తల నెరిపించుకున్నాడు. ఆదివారాలు ఊళ్లు తిరిగి మంత్రాల వెనకున్న రసాయనాలను విప్పి చూపించడం ఆయన వ్యసనం. మంచి వ్యసనమే, కాదనను. అగ్గిపుల్ల లేకుండా హోమగుండం వెలిగించి చూపాడు. నిమ్మకాయ కోసి రక్తం కార్చాడు. ఎదుటివాళ్ల మనసులోని మాట చెబుతానన్న ఒక స్వామి జుట్టు కింద దాచుకున్న చెవి యంత్రాన్ని జనం ముందే బయటికి లాగాడు.

బూబమ్మ సంగతి విన్నప్పుడు ఆయన అసలు ఆలోచించనేలేదు. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రనీళ్లవుతాయని పిల్లలకు దిష్టి తీసే ప్రతి తల్లికీ తెలుసు. బూబమ్మ పాన్ వేస్తుంది. పాన్ వేసే మనిషి వేలికీ గోటికీ సున్నం అంటుకుని ఉండక తప్పదు. లెక్క తేలిపోయింది.

అలా ఆ ఊరి బడి ఆవరణలో, మైకు ముందు, ఆమె చేత సబ్బుతో చేతులు కడిగించాడు. గోళ్ల సందులు బ్రష్షు పెట్టి తోమించాడు. ఆ తర్వాత తన సీసాలో నీళ్లు గాజుగ్లాసులో పోసి, పసుపు వేయమన్నాడు. ఆమె వేసింది. నీళ్లు పచ్చగానే ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. “మీ నీళ్లలో ఏ దోషమూ లేదు, నిశ్చింతగా తాగండి,” అని మైకులో చెప్పి, గొంతు ఎండిపోతే తన సీసా ఎత్తి నాలుగు గుక్కలు తాగాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఇదీ జరిగింది. ఇక ఇప్పటి సంగతి.

ఆ సభను ఫోన్లో తీసింది ప్రవీణ్‌కుమార్. త్రినాథరావు ఫ్యాక్టరీలోనే సేఫ్టీ విభాగంలో పనిచేస్తాడు, ఆయన శిష్యుణ్నని చెప్పుకుంటాడు. వీడియో బాగా తిరిగింది. కింద వచ్చిన కామెంట్లలో సైన్సు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఆ ముసలామె పాన్ మీద, వేషభాషల మీద, మతం మీద పడి ఏడ్చినవాళ్లే ఎక్కువ. త్రినాథరావు వాటిని చూసి, మొహం చిట్లించి, మూసేశాడు. అవి తను రాసినవి కావు కదా అనుకున్నాడు. ఆయన భార్య హైమావతి మాత్రం వీడియో అంతా చూసి, అన్నం వడ్డిస్తూ, ఆవిడ గోళ్లు తోమిస్తున్నప్పుడు మీకు ఏమీ అనిపించలేదా అని అడిగింది. అది ప్రయోగంలో భాగం అన్నాడాయన.  ఆవిడ పప్పు వేయడం మరిచిపోయింది.

ప్రవీణ్‌కుమార్‌కు అక్కడితో ఆశ తీరలేదు. బూబమ్మే స్వయంగా, తన ఇంట్లో కూర్చుని, ఇందులో మహిమ ఏమీ లేదని ఒప్పుకుంటే ఎంత బాగుంటుందన్నాడు. త్రినాథరావుకూ ఆ ఆలోచన నచ్చింది. ఆ మహానుభావుడికి నచ్చకపోతే ఆశ్చర్యపోవాలి గానీ. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కారులో బయల్దేరారు.

బూబమ్మ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను మీద కోడలు సబియా ఫ్యాక్టరీ కార్మికుల ఏప్రాన్లు కుడుతోంది. వచ్చింది ఎవరో చూసి ఆమె లేవలేదు. లోపలి నుంచి బూబమ్మే వచ్చి, కుర్చీలు తుడిచి వేసి, చాయ్ పెట్టమని కోడలికి సైగ చేసింది. ఇంటికి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, చాయ్ తాగకుండా పోనివ్వని మనిషి. త్రినాథరావు ఆమె చేతుల వైపు చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. వేళ్లు పాలిపోయి, గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉంది.

చాయ్ కప్పులు పెడుతూ సబియా నేల వైపు చూసే చెప్పింది.

“అమ్మీ ఆ దినం సంది పాన్ ముడుతలేదు సార్. పాన్‌దాన్ తీసి అటక మీద ఏసింది. పొద్దంత చేతులు కడుక్కుంటనే ఉంటది. ఏందమ్మీ అంటే, ఇంకా గలీజున్నదేమో అంటది.”

బూబమ్మ కోడల్ని ఊరుకోమంది. త్రినాథరావు చాయ్ కప్పు పెదవుల దాకా తెచ్చి మళ్లీ కింద పెట్టాడు. ఆయన గుండెలో ఏదో చిన్నది కదిలింది. దాని పేరు సిగ్గు అని ఆయనకు అప్పుడే తెలిసి ఉంటే, అక్కడితో లేచి నమస్కారం పెట్టి వచ్చేసేవాడు. కానీ ప్రవీణ్‌కుమార్ అప్పటికే కిటికీ పక్కన స్టాండు బిగించి, ఆయన ఫోను పెట్టి, వెలుతురు బాగుంది సార్ అన్నాడు.

బూబమ్మను మళ్లీ పసుపు వేయమని అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“నేను ఇగ ముట్టను సారూ. మీరే ఏసి సూడున్రి.”

అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. మానేసిన పనిని మానేశానని చెప్పింది, అంతే. త్రినాథరావుకు ఇదింకా మంచిదనిపించింది. సబ్బుతో తన చేతులు తనే కడుక్కుని, కెమెరాకు రెండువైపులా తిప్పి చూపించాడు. తన సీసా కారులో ఉండిపోయింది కాబట్టి నీళ్లు ఇమ్మన్నాడు. సబియా గాజుగిన్నె ఒకటి తెచ్చి, వాకిట్లో గిన్నెలు తోముకోవడానికి పెట్టుకున్న బిందెలోంచి నీళ్లు ముంచి పోసింది. ఊళ్లో సగం ఇళ్లకు వచ్చే నీళ్లే అవి, పెద్దరాములు బోరువి.

ఆయన మూఢనమ్మకాల గురించి నాలుగు మాటలు చెప్పి, చిటికెడు పసుపు వేశాడు. పసుపు మొదట పచ్చగానే విచ్చుకుంది. ఆయన కెమెరా వైపు తిరిగి చూశారా అన్నాడు. అని మళ్లీ గిన్నె వైపు తిరిగేసరికి, అడుగు నుంచి ఎరుపు లేచి అంచుల దాకా వచ్చింది. ఇటుక పొడి కలిపినట్టు, గిన్నెడు నీళ్లూ ఎర్రగా ఉన్నాయి.

 మొదట మాట్లాడింది ఆయనే. సబ్బు వల్ల అన్నాడు. సబ్బులోనూ క్షారం ఉంటుంది, చేతికి మిగిలిపోయి ఉంటుందన్నాడు. నీళ్లు పారబోసి, ఈసారి చేయి పెట్టకుండా చెంచాతో వేశాడు. మళ్లీ ఎర్రబడింది. గిన్నెకు ఏదో అంటుకుని ఉంటుందన్నాడు. ప్రవీణ్‌కుమార్ దగ్గర ఖాళీ అయిన నీళ్ల సీసాను అడ్డంగా కోయించి అందులో పోసి చూశాడు. ఎరుపే. అప్పటికి ఆయన గొంతులో మైకు గొంతు పోయింది. కారులోంచి తన సీసా తెప్పించి, ఆ గాజుగిన్నెలోనే ఆ నీళ్లు పోసి, ఆ చెంచాతోనే ఆ పసుపే వేశాడు. నీళ్లు పచ్చగా, కళ్యాణాక్షతల రంగులో నిలిచి ఉన్నాయి.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తూ త్రినాథరావు కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు బడి ఆవరణలో తను ఏం చేశాడో ఆయనకు ఇప్పుడు అర్థమైంది. ఆమె చేతులు కడిగించాడు, నీళ్లూ మార్చాడు. రెండూ ఒకేసారి మార్చి, చేతులదే తప్పని తేల్చాడు. ఇంటర్ పిల్లవాడు ల్యాబులో ఈ పని చేస్తే చెవి మెలేసి బయటికి పంపేవాడు తను. చదువు లేక చేసిన తప్పు కాదిది. చదువుకున్నానన్న ధీమా మీద, పాన్ నమిలే ముసలామెను చూడగానే జవాబు దొరికిందనుకుని చేసిన తప్పు. అవే చేతులు ఇంకెవరివైనా అయితే, ఉదాహరణకు తన వదినగారివైతే, అంతమంది ముందు బ్రష్షు పెట్టి తోమించి ఉండేవాడా? ఉండడు. ఆ సంగతి తనకు తాను ఒప్పుకోవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. మొహమంతా వేడెక్కింది.

బూబమ్మ వంగి గిన్నెలోకి చూసింది. ఆమె మొహంలో గెలిచిన సంతోషం వెతికాడాయన. అది ఉంటే కాస్త తేలికయ్యేది. లేదు. ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

“మీ చేతికి గూడ సున్నం ఉండెనా సారూ?”

ఆయన తన సంచి ముందుకు లాక్కున్నాడు.

ఆయన సంచిలో ఎప్పుడూ ఉండే వస్తువు ఒకటి ఉంది. నీళ్లలో ఆమ్లం ఉందా, క్షారం ఉందా చెప్పే రంగు కాగితాల చిన్న డబ్బా. ఫ్యాక్టరీలో రోజూ వాడేదే. ఆ సభ రోజు కూడా సంచిలోనే ఉంది, తీయాలనిపించలేదు. ఇప్పుడు తీసి, బిందెలో నీళ్లలో ఒక కాగితం ముంచాడు. అది ముదురు నీలంగా మారింది. బావి నీళ్లు, బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నా ఈ రంగు చూపించవు. భూమిలో పుట్టిన క్షారం కాదిది, ఎవరో తెచ్చి పోసినది. దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూశాడు.

వాసన ఆయనకు తెలుసు. చాలా లీలగా, కుళ్లిన పండులాగా, వెనక కాస్త ఘాటుగా. పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దాటి తన విభాగంలోకి అడుగుపెట్టగానే పలకరించే వాసన. సాయంత్రం చొక్కా విప్పితే హైమావతి ముక్కు మూసుకునే వాసన.

శుద్ధి చేయడానికి తమ దగ్గర చోటు చాలనప్పుడు ఆ నీళ్లను ట్యాంకర్లలో నింపి పటాన్‌చెరు వైపు శుద్ధి కేంద్రానికి పంపుతారు. వెళుతున్నట్టు సంతకం పెట్టేది త్రినాథరావే. వానలు మొదలైనప్పటి నుంచి వెళ్లిన ట్యాంకరు మరీ తొందరగా తిరిగొస్తోంది. రోడ్డు బాగుపడిందేమో అనుకున్నాడు. ఆ రోడ్డు సంగతి ఇస్నాపూర్ ట్రాఫిక్‌లో రోజూ చచ్చిచెడి ఇంటికి చేరే ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసీ అడగలేదు. ఊరూరా తిరిగి ఎందుకు, ఎలా అని ప్రశ్నించడం నేర్పే మనిషి, తన గేటు దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఈ సిగ్గు ముందటి దానికన్నా పెద్దది. 

ప్రవీణ్‌కుమార్‌కూ వాసన అందింది. వాడూ ఆ గేటులోంచి వెళ్లేవాడే కదా. గబగబా స్టాండు విప్పబోతూ, పోదాం సార్, రేపు మనం డ్యూటీకి వెళ్లాలి అని ఇంగ్లీషులో గొణిగాడు. ఆ ఒక్క మాటలో అంతా ఉంది. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, పరువు ఉంటుంది, వచ్చే ఆదివారం ఇంకో ఊళ్లో ఇంకో సభ ఉంటుంది. ఊళ్లో వాళ్లు ఎలాగూ జిన్ను అనే అనుకుంటారు. నోరు విప్పితే ఇవేవీ ఉండవు. మూసుకుంటే ఈ ఊరు ఈ నీళ్లే తాగుతుంది. త్రినాథరావు లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే, లేచింది వెళ్లిపోవడానికే. ఒక కాలికి చెప్పు వేసుకున్నాడు కూడా.

అప్పుడే గుమ్మంలోకి పెద్దరాములు వచ్చాడు. బోరు ఆయనదే. చేతిలో మూత పెట్టిన చెంబు. సభలో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టిన మనిషి కాబట్టి, ఆ చెంబుతో బూబమ్మ వాకిట్లో దొరికిపోయినందుకు ఆయన మొహం మాడిపోయింది. త్రినాథరావును చూసి చెంబు వెనక్కి దాచుకోబోయాడు. తర్వాత ఆ ఓపిక కూడా లేనట్టు గడప మీదే కూర్చున్నాడు.

ఆయన కోడలు నెలలు నిండిన మనిషి. మూడు పూటల నుంచి వాంతులు ఆగక సంగారెడ్డి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. బూబమ్మ వద్దన్న దగ్గర్నుంచి ఆ పిల్ల మసీదు నల్లా నీళ్లే తాగేది. అప్పుడు కుదురుగా ఉంది. పెద్దరాములు ఇదంతా చెప్పి, చివర్న త్రినాథరావు వైపు చూశాడు. కోపంగా కాదు, సాక్ష్యం అడిగినట్టుగా.

“మీరు జెప్పినంకనే గదా సారూ, మల్ల బోరు నీళ్లు తాగుమన్న. నీళ్లల్ల ఏం లేదని మైకుల మీరే జెప్పిన్రు.”

త్రినాథరావు వేసుకున్న చెప్పు విడిచేశాడు. కెమెరా ఆపొద్దని ప్రవీణ్‌కుమార్‌తో చెప్పాడు. వాడు వినకపోతే స్టాండు తనే లాక్కుని, ఫోను తన వైపు తిప్పుకుని, బూబమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె కంగారుపడి కుర్చీ చూపించింది. ఆయన లేవలేదు.

“అమ్మా, ఆ రోజు మీ చేతికి ఏమీ లేదు,” అన్నాడు. “సున్నం లేదు, మోసం లేదు. నేను నీళ్లు మార్చాను. మార్చిన సంగతి నాకే తట్టలేదు. అంతమంది ముందు మీ చేతులు కడిగించాను. నా చేతులు కడుక్కోవలసిన రోజు అది.”

  బూబమ్మ క్షమించానని అనలేదు. ఆమె పాలిపోయిన వేళ్లు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. చప్పట్లు కొట్టిన ఊరంతా వచ్చి అడిగితే గానీ తీరే బాకీ కాదది, ఒక్కడు నేల మీద కూర్చున్నంత మాత్రాన తీరదు. ఆ సంగతి ఆయనకు తెలిసింది. తెలిసినందుకు ఇంకా సిగ్గుపడ్డాడు.

మిషను దగ్గర నిలబడ్డ సబియా అడిగింది, “మరి ఎరుపు యాడికెళ్లి అచ్చింది సార్? జిన్ను లేదంటిరి. సున్నం లేదంటిరి. చేసిందెవరు మరి?”

చేతబడి జరిగిందనుకునే ఇంట్లో అందరూ అడిగే ప్రశ్నే. ఇన్నేళ్లలో ఎన్ని ఊళ్లలో విన్నాడో ఆయన. ప్రతిసారీ నవ్వి, ఎవరూ చేయలేదమ్మా అని జవాబు చెప్పేవాడు. ఈసారి ఆ జవాబు అబద్ధమవుతుంది.

“ఎవరు చేశారో నాకు తెలుసు,” అన్నాడు త్రినాథరావు. ఫోను వైపు చూస్తూ, ఫ్యాక్టరీ పేరు చెప్పాడు. తన పేరు చెప్పాడు. తన సంతకంతో బయల్దేరిన ట్యాంకర్లు శుద్ధి కేంద్రానికి చేరడం లేదన్న అనుమానం తనకు వానల నుంచీ ఉందని చెప్పాడు. ప్రవీణ్‌కుమార్ బయటికి వెళ్లిపోయి కారు తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. అవి ఎక్కడ ఖాళీ అవుతున్నాయో మాత్రం ఇంకా తెలియదని, రేపే కనుక్కుంటానని, ఎక్కడైనా సరే ఆ చోటు ఈ బోరుకు దగ్గర్లోనే ఉండాలని చెప్పాడు. బూబమ్మ గిన్నెలో ఎర్రనీళ్ల వైపే చూస్తోంది. ఆమెకు క్షారం గురించి ఎంత అర్థమైందో గానీ, తను వద్దన్న నీళ్లు వద్దనవలసినవేనని మాత్రం అర్థమైంది.

అంతసేపూ గడప మీద పెద్దరాములు కదలకుండా కూర్చున్నాడు. కోడలికి జబ్బు తెచ్చినవాడు ఎదురుగా ఉంటే మీదికి రావలసిన మనిషి, రాలేదు. తిట్టలేదు. తల ఎత్తలేదు. చెంబు మూత తీసి, నీళ్లను వాకిట్లో పారబోయబోయి, పోయలేక ఆగి, మళ్లీ మూత పెట్టాడు.

“కనుక్కునుడెందుకు సారూ,” అన్నాడు చివరికి, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా. “ట్యాంకర్లు వంచేది బోరు ఎనక ఎండిన బాయిల. ఆ బాయి నాదే.”